అరవై మీటర్లు దాటితే ఖాళీ అయ్యే తెర: ఒక వేట బోటులో ఎలక్ట్రానిక్స్ ఎంపిక, కేస్ స్టడీ

ఫిష్ ఫైండర్ కొనేటప్పుడు అందరి చూపూ తెర మీదే ఉంటుంది. ఎన్ని అంగుళాలు, ఎన్ని రంగులు, ఎండలో ఎలా కనిపిస్తుంది అని అడుగుతారు. నీళ్లలోకి చప్పుడు పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని అందుకునే ట్రాన్స్‌డ్యూసర్ మాత్రం బోటు అడుగున ఉంటుంది. డబ్బాలో ఏది వస్తే అదే బిగిస్తారు. ఈ కేసులో చిక్కంతా అక్కడే మొదలైంది. పరిష్కారం దొరికే క్రమంలో ఒక తప్పు కూడా జరిగింది. ఆ తప్పు వల్ల తెలిసినదాని కోసమే దీన్ని వివరంగా రాస్తున్నాను. బోటునూ మనుషులనూ గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

బోటు 9.6 మీటర్ల ఫైబర్‌గ్లాస్‌ది. లోపల ఒక డీజిల్ ఇంజిన్, అడుగున ఒక ప్రొపెల్లర్. వెనుక నుంచి చూస్తే ప్రొపెల్లర్ గడియారం ముల్లులా తిరుగుతుంది. గరిష్ఠ వేగం 14 నాట్లు. సరంగుతో కలిపి నలుగురు మనుషులు. 15 నుంచి 30 మీటర్ల లోతులో వల వేస్తారు, 40 నుంచి 90 మీటర్ల లోతులో రాతి నేల మీద గాలం వేస్తారు. ఎప్పుడైనా 110 మీటర్ల దాకా వెళ్తారు. ఒక్కో ట్రిప్పు 14 గంటలు, అందులో ఎక్కువ భాగం రాత్రే.

బోటులో 12 అంగుళాల ఫిష్ ఫైండర్ ఉంది, పంపే శక్తి 600 వాట్లు, జీపీఎస్ అందులోనే ఉంది. దానితోపాటు డబ్బాలో వచ్చిన ట్రాన్స్‌డ్యూసర్‌ను బోటు వెనుక చెక్కకు, అంటే ట్రాన్సమ్‌కు బిగించారు. అది 455, 800 కిలోహెర్ట్జ్‌లలో ఇమేజింగ్ చేస్తుంది, అంటే నేలను ఫొటోలా చూపిస్తుంది, 200 కిలోహెర్ట్జ్‌లో మామూలు సోనార్ నడుస్తుంది. బోట్లూ ఓడలూ మాట్లాడుకునే 25 వాట్ల వీహెచ్‌ఎఫ్ రేడియో ఉంది, దాని యాంటెన్నా నీటిమట్టానికి 2 మీటర్ల ఎత్తులో రెయిలింగుకు కట్టి ఉంది. నాలుగు ఎల్ఈడీ ఫ్లడ్‌లైట్లు ఉన్నాయి. ఇంజిన్ స్టార్టు చేయడానికైనా, మిగతా వాటన్నిటికైనా 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒక్కటే.

వచ్చిన ఫిర్యాదు

యజమాని మూడు సమస్యలు చెప్పారు. అరవై మీటర్లు దాటితే తెర మీద నేల కూడా సరిగా రాదు. బోటు 9 నాట్లు దాటగానే లోతు అంకె మిణుకుమిణుకుమంటూ ఆగిపోతుంది. ఇంజిన్ స్టార్టు చేసిన ప్రతిసారీ యంత్రం ఆగి మళ్లీ మొదలవుతుంది. దీనికి ఆయన ముందే ఒక మందు అనుకుని వచ్చారు: 16 అంగుళాల తెర, 1 కిలోవాట్ శక్తి. మిగిలితే రాడార్.

నాలుగో సమస్యను ఎవరూ సమస్యగా చెప్పలేదు. బోటు చూస్తూ మాటల్లో పెట్టినప్పుడు సరంగు అన్నాడు: “రేడియో బాగానే ఉందండీ. పగలు బాగా వినిపిస్తుంది. రాత్రిపూట ఎవరూ మాట్లాడరు, అంతే.” చుట్టూ పదుల బోట్లు వేటాడే చోట రాత్రంతా రేడియోలో ఒక్క మాటా వినబడకపోవడం మామూలు విషయం కాదు. మొత్తం కేసులో అన్నిటికంటే ప్రమాదకరమైన లోపం ఇదే.

కొనడానికి ముందు కొలత

600 వాట్ల నుంచి 1 కిలోవాట్‌కు పోతే పెరిగేది 2.2 డెసిబెల్స్. వాట్ల అంకె దాదాపు రెట్టింపైనట్టు కనిపిస్తుంది గానీ ప్రతిధ్వనిలో తేడా అంతే. ట్రాన్స్‌డ్యూసర్ చుట్టూ బుడగలు ఉన్నా, అది ఏటవాలుగా చూస్తున్నా పోయే బలం దీనికి ఎన్నో రెట్లు. అందుకే కొత్త యంత్రం మాట పక్కన పెట్టి, ఉన్నదాన్ని నీళ్ల మీద పరీక్షించాలని నిర్ణయించాం.

మూడు స్థితుల్లో చూడాలి. ఇంజిన్ ఆపి బోటును తేలనిస్తే వచ్చే లోపం ఫ్రీక్వెన్సీదో, లోతుదో, పక్క బోటు సోనార్‌దో. ఇంజిన్ నడుపుతూ గేరు వేయకుండా ఆర్‌పీఎం పెంచితే వచ్చే లోపం కరెంటు వైపుది, ఎందుకంటే బోటు కదలడం లేదు కాబట్టి అడుగున నీటి పారుదల మారలేదు. గేరు వేసి పరుగెత్తినప్పుడు మాత్రమే వచ్చే లోపం బుడగలది, లేదా నీటి పారుదలది. ఈ మూడింటినీ విడివిడిగా చూస్తే సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

తేలుతూ 40 మీటర్లలో చూస్తే అంతా శుభ్రంగా ఉంది. 70 మీటర్లలో ఇమేజింగ్ తెర ఖాళీ, 200 కిలోహెర్ట్జ్‌లో నేల పలచగానైనా వచ్చింది. అంటే మొదటి ఫిర్యాదులో సగం యంత్రం లోపమే కాదు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఉప్పునీరు చప్పుడును ఎక్కువగా మింగుతుంది. 455, 800 కిలోహెర్ట్జ్‌లు లోతు తక్కువ నీళ్లలో రాయినీ శిథిలాన్నీ ఫొటోలా చూపిస్తాయి, డెబ్బై మీటర్ల ఉప్పునీటిలో వాటిని నమ్ముకోకూడదు. సిబ్బంది ఎప్పుడూ ఇమేజింగ్ పేజీనే తెరిచి ఉంచేవారు, బొమ్మ అందంగా ఉంటుందని.

తప్పు ఇక్కడ జరిగింది. “పరుగెత్తితేనే పోతుంది” అన్న మాట పట్టుకుని, రెండో స్థితి పరీక్షను, అంటే న్యూట్రల్‌లో ఆర్‌పీఎం పెంచి చూడడాన్ని, వదిలేశాం. లోపమంతా బుడగలదేనని తేల్చేసి ముందుకు పోయాం.

ప్రయత్నించినవి, ఫలించనివి

మొదట ట్రాన్స్‌డ్యూసర్ చోటు మార్చాం. అది ట్రాన్సమ్‌కు ఎడమవైపు, ప్రొపెల్లర్ రెక్క పైకి లేచే వైపు ఉంది. దాని ముందే బోటు పొడవునా ఉండే అంచుగీత ముగుస్తుంది. రెక్క పైకి లేచే వైపు బుడగలు ఎక్కువ, అంచుగీత వెనకాల సుడి ఎక్కువ. కుడివైపుకు, మధ్యగీతకు 75 సెంటీమీటర్ల దూరానికి జరిపి కాస్త కిందికి దించాం. 9 నాట్ల దగ్గర పోయే నేల 11 నాట్ల దాకా నిలిచింది.

మెరుగైంది గానీ అది సరైన దారి కాదు. ఔట్‌బోర్డు మోటారు ఉన్న బోటులో ప్రొపెల్లర్ ట్రాన్సమ్‌కు వెనక ఉంటుంది, కాబట్టి ట్రాన్సమ్ కిందికి వచ్చే నీరు ఇంకా కలతపడి ఉండదు. ఇంజిన్ లోపల ఉన్న బోటులో ప్రొపెల్లర్ ట్రాన్సమ్‌కు ముందే ఉంటుంది. అది చిలికిన నీరే ట్రాన్సమ్ కిందుగా పోతుంది. అక్కడ ఎటు జరిపినా చిలికిన నీళ్లలోనే. ఇలాంటి బోటుకు ట్రాన్స్‌డ్యూసర్ ప్రొపెల్లర్‌కు ముందు భాగంలో ఉండాలి. డబ్బాలో వచ్చినది ట్రాన్సమ్ రకం అన్న ఒక్క కారణంతో ఆ చోటు ఎంచుకోవడం మొదటి పొరపాటు.

రెండోది, బోటుకు కన్నం పెట్టకుండా లోపలి నుంచే ఫైబర్‌గ్లాస్ గుండా చూసే పద్ధతి. యజమానికి ఇదే నచ్చింది, కన్నమంటే ఎవరికైనా భయమే. ఇది పనిచేయాలంటే ఆ చోట ఫైబర్‌గ్లాస్ గట్టి పొర అయ్యుండాలి. మధ్యలో నురగో బాల్సా చెక్కో ఉంటే అందులోని గాలి చప్పుడును ఆపేస్తుంది. ఇనుము, అల్యూమినియం, చెక్క బోట్లకు ఇది అసలే పనికిరాదు. జిగురు పెట్టడానికి ముందే తాత్కాలికంగా పరీక్షించాం: ఇంజిన్ ముందు గదిలో కాస్త నీరు నిలిపి, ట్రాన్స్‌డ్యూసర్‌ను అడుగుకు ఆనించి పట్టుకుని చూశాం. 20 మీటర్లలో నేల కనిపించింది. 70 మీటర్లలో ఏమీ లేదు. గోడను తట్టి చూస్తే బోలు శబ్దం, లోపల కోర్ ఉంది. పది నిమిషాల ఈ పరీక్ష చేయకుండా అంటించి ఉంటే ట్రాన్స్‌డ్యూసర్ ఒకటి వృథా అయ్యేది.

ఈలోగా 11 నాట్ల లోపల కూడా తెర మీద చుక్కల వాన పోలేదు. సిబ్బంది నాయిస్ రిజెక్ట్ సెట్టింగును చివరికి పెట్టేసుకున్నారు. చుక్కలు పోయాయి. వాటితోపాటు నేలకు అర మీటరు పైన ఉండే సన్నటి చేప గీతలూ పోయాయి. ఫిల్టరుకు రొద ఏదో చేప ఏదో తెలియదు, బలం తక్కువ ఉన్న ప్రతిదాన్నీ కొట్టేస్తుంది.

వదిలేసిన పరీక్ష

అప్పుడు న్యూట్రల్ పరీక్ష చేశాం. బోటు నిలిచి ఉంది, గేరు లేదు. 900 ఆర్‌పీఎంలో తెర శుభ్రం. 1,400 దాటగానే చుక్కలు మొదలు. 1,800 దగ్గర తెర సగం చుక్కలే. నీరు కదలకుండానే ఇంత రొద ఉందంటే దాని మూలం ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ వైపు ఉందని అర్థం.

రుజువు చేయడానికి, బాగా చార్జయిన వేరే 12 వోల్టుల బ్యాటరీ తెచ్చి ఫిష్ ఫైండర్ రెండు వైర్లనూ దానికే కలిపాం, బోటు కరెంటుతో ఏ సంబంధమూ లేకుండా. 1,800 ఆర్‌పీఎంలో చుక్కలు చాలావరకు మాయమయ్యాయి. మిగిలినవాటి కోసం ట్రాన్స్‌డ్యూసర్ కేబుల్ వెంట పోయి చూస్తే, దాదాపు 3 మీటర్ల దూరం అది ఆల్టర్నేటర్ చార్జింగ్ కేబుల్‌తో కలిపి ఒకే కట్టగా ఉంది. దాన్ని విప్పి గాలిలో వేలాడదీసి పట్టుకుంటే మిగిలిన చుక్కలూ పోయాయి. ఫిష్ ఫైండర్ ప్లస్ వైరు స్టార్టర్ మోటారు బోల్టు నుంచి, మైనస్ వైరు ఇంజిన్ బాడీ నుంచి తీసి ఉన్నాయి. ఇంజిన్ స్టార్టు చేసినప్పుడు యంత్రం ఆగిపోవడానికీ ఇదే కారణం. స్టార్టర్ గుంజినప్పుడు వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది, తెర ఆరిపోతుంది.

మొదటి రోజే ఈ పరీక్ష చేసి ఉంటే ట్రాన్సమ్ మీద పెట్టిన శ్రమ అక్కరలేదు. పాత స్క్రూ కన్నాలు పూడ్చే పని కూడా తప్పేది.

ఫలించినవి: మొదట కరెంటు

ఏ కొత్త పరికరం కొనకముందే కరెంటు సరిచేయాలని నిర్ణయించాం. రొద ఉన్న లైనులో ఎంత మంచి సోనార్ పెట్టినా అది ఆ రొదనే ఇంకా స్పష్టంగా చూపిస్తుంది.

ఎలక్ట్రానిక్స్‌కు వేరే డీప్ సైకిల్ బ్యాటరీ పెట్టాం, 100 ఆంపియర్ అవర్. రెండు బ్యాటరీల మధ్య వోల్టేజీని చూసి పనిచేసే రిలే ఉంది: ఆల్టర్నేటర్ చార్జి చేస్తున్నప్పుడు రెండింటినీ కలుపుతుంది, ఇంజిన్ ఆగాక విడదీస్తుంది. దీనివల్ల స్టార్టర్ దెబ్బ తెరకు తగలదు, రాత్రంతా తెర నడిచినా తెల్లారి ఇంజిన్ స్టార్టు కాదేమోనన్న బెంగ లేదు.

బ్యాటరీ సరిపోతుందా అన్నది లెక్క వేసి చూసుకోవాలి. తెర 2 ఆంపియర్లు, 14 గంటలకు 28 ఆంపియర్ అవర్లు. రేడియో వింటూ ఉంటే అర ఆంపియరు, 14 గంటలకు 7. అర గంట మాట్లాడితే ఐదున్నర ఆంపియర్ల చొప్పున ఇంకో 3. తర్వాత పెట్టిన ఏఐఎస్‌కు, అంటే బోటు చోటును చుట్టుపక్కల ఓడలకు రేడియోలో చెప్పే పరికరానికి, 3. మొత్తం 41. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు కాబట్టి చేతిలో ఉన్నది 50. సరిపోయింది. నాలుగు ఫ్లడ్‌లైట్లు మాత్రం 120 వాట్లు, 10 ఆంపియర్లు. ఐదు గంటలు వెలిగితే అవే 50 తినేస్తాయి. వల లాగేటప్పుడు ఇంజిన్ ఎలాగూ నడుస్తుంది కాబట్టి, ఇంజిన్ తాళం తిప్పి ఉంటేనే వెలిగేలా రిలే ద్వారా వాటిని ఇంజిన్ బ్యాటరీ వైపు వేశాం.

తర్వాత వైరు మందం. పాత వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లది, బ్యాటరీ నుంచి తెర దాకా 7 మీటర్లు. రానుపోను 14 మీటర్లు. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరుకు మీటరుకు 0.0175 ఓమ్‌ల చొప్పున లెక్కేస్తే 0.163 ఓమ్‌లు. తెర, రేడియో ప్రసారం కలిపి 8 ఆంపియర్లు గుంజితే దారిలోనే 1.3 వోల్టులు పోతాయి. రేడియో బటన్ నొక్కగానే తెర మసకబారుతోందని సరంగు చెప్పింది ఇందుకే. 6 చదరపు మిల్లీమీటర్ల వైరుతో అదే నష్టం 0.33 వోల్టు, మూడు శాతం లోపు. తగరం పూత ఉన్న రాగి వైరే వాడాలి, మామూలు రాగి ఉప్పుగాలికి లోపల్లోపలే నల్లబడుతుంది. ప్లస్ వైరుకు ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. తెర దగ్గర పెట్టిన ఫ్యూజు తెరను కాపాడుతుంది గానీ మధ్యలో ఒరుసుకుపోయిన వైరు అంటుకుంటే ఆపలేదు.

తర్వాత ట్రాన్స్‌డ్యూసర్

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టాం, పెట్టాల్సింది కూడా ఇక్కడే. ఉన్న 12 అంగుళాల తెర మీడియం చర్ప్‌ను, అంటే ఒకే ఫ్రీక్వెన్సీకి బదులు మధ్యస్థ ఫ్రీక్వెన్సీల వరుసను ఊడుస్తూ పంపే పద్ధతిని, నడపగలదు, 600 వాట్లు పంపగలదు. అంటే తెర మార్చనక్కరలేదు. మిగిలిన ప్రశ్న ఏ ఫ్రీక్వెన్సీ, నీళ్లలో చప్పుడు ఎంత వెడల్పు శంకువుగా విచ్చుకోవాలి అన్నదే.

చాలామంది 50 కిలోహెర్ట్జ్ తీసుకోమంటారు, లోతుకు పోతుంది, వెడల్పుగా చూస్తుంది అని. వెడల్పుగా చూడడం ఎప్పుడూ మేలు కాదు. 45 డిగ్రీల శంకువు 70 మీటర్ల లోతులో 58 మీటర్ల వెడల్పు నేలను చూస్తుంది. సోనార్‌కు దిక్కు తెలియదు, దూరమే తెలుసు. శంకువు అంచు దాకా నేల 75.8 మీటర్ల దూరం, నిట్టనిలువుగా 70. ఆ తేడా 5.8 మీటర్లు. అంచున, నేలకు ఐదు మీటర్ల ఎత్తులో ఉన్న చేప ప్రతిధ్వని కూడా మధ్యలోని నేల ప్రతిధ్వని తర్వాతే వస్తుంది, నేల రంగులో కలిసిపోతుంది. ఇక మధ్యలో ఒక రాయి లేచి ఉంటే దాని పక్క గుంటలోని చేపలన్నీ మాయం. గాలం వేసే రాతి నేలలో కావాల్సింది సరిగ్గా ఆ చేపలే.

ఎంచుకున్నది 80 నుంచి 130 కిలోహెర్ట్జ్ దాకా ఊడ్చే చర్ప్ ట్రాన్స్‌డ్యూసర్. దాని శంకువు కింది ఫ్రీక్వెన్సీలో 16 డిగ్రీలు, పై ఫ్రీక్వెన్సీలో 11. 16 డిగ్రీలకు 70 మీటర్ల దగ్గర వెడల్పు దాదాపు 20 మీటర్లు, అంచున మరుగయ్యేది 70 సెంటీమీటర్లు. 200 కిలోహెర్ట్జ్ కంటే లోతుకు పోతుంది, 50 కంటే నిశితంగా చూస్తుంది. పైగా చర్ప్ వల్ల ఒకదాని మీద ఒకటి ఉన్న చేపలు విడివిడిగా కనిపిస్తాయి. ఒకే ఫ్రీక్వెన్సీలో 0.4 మిల్లీసెకన్ల పల్స్ పంపితే, నీళ్లలో చప్పుడు వేగం సెకనుకు సుమారు 1,500 మీటర్లు కాబట్టి, 30 సెంటీమీటర్ల లోపు దగ్గరగా ఉన్న రెండు చేపలు ఒకటిగా కలిసిపోతాయి. 50 కిలోహెర్ట్జ్ వెడల్పున ఊడ్చే చర్ప్‌కు లెక్క ప్రకారం ఆ దూరం ఒకటిన్నర సెంటీమీటరు. నీళ్లలో అంత రాదు గానీ నేలకు అంటుకుని ఉన్న చేప నేల నుంచి విడిపోయి కనిపించడానికి కావలసినంత వస్తుంది.

ఏది పెట్టినా అన్ని చేపలూ ఒకేలా కనిపించవని సిబ్బందికి చెప్పడం అవసరం. చేప ప్రతిధ్వనిలో అధిక భాగం గాలితిత్తిది. గాలితిత్తి లేని సొర, స్క్విడ్ లాంటివి ఒళ్లు పెద్దదైనా పలచగానే పడతాయి.

బిగించే చోట బోటు అడుగు వాలు 14 డిగ్రీలు. నేరుగా బిగిస్తే శంకువు పక్కకు చూస్తుంది, 70 మీటర్ల లోతులో దాని మధ్యభాగం పదిహేడున్నర మీటర్లు పక్కకు పోతుంది. అందుకే లోపలి మూలకం 12 డిగ్రీలు వంచి ఉన్న రకం తీసుకున్నాం. ఇది 8 నుంచి 15 డిగ్రీల వాలుకు సరిపోతుంది, ఇంకా ఎక్కువ వాలు ఉంటే 20 డిగ్రీలది వస్తుంది. కంచు కవచం. ఫైబర్‌గ్లాస్‌కైనా చెక్కకైనా కంచు మంచిదే. చెక్క బోటులో ప్లాస్టిక్ వాడితే చెక్క ఉబ్బినప్పుడు పగలొచ్చు. అల్యూమినియం, ఇనుము బోటులో మాత్రం కంచు పెట్టకూడదు, ఉప్పునీటిలో రెండు లోహాలు కలిసి బోటునే తినేస్తాయి.

చోటు: ప్రొపెల్లర్‌కు బాగా ముందు, మధ్యగీతకు దగ్గరగా, మొదటి అంచుగీతకు లోపలివైపు, ముందు ఏ నీటి కన్నమూ లేకుండా. కోర్ ఉన్న అడుగు కాబట్టి బయటి పొరలో సరిపడా కన్నం వేసి, లోపలి పొరనూ కోర్‌నూ దానికంటే సుమారు 10 మిల్లీమీటర్లు పెద్దగా కోసి, ఆ ఖాళీని ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మళ్లీ కన్నం వేశాం. ఈ పని తప్పించుకుంటే నట్టు బిగింపుకు కోర్ నలుగుతుంది, నీరు లోపలికి ఎక్కుతుంది, కొన్నేళ్లకు అడుగు మెత్తబడుతుంది. బోటు నీళ్లలో దించగానే కారుతోందేమో చూశాం, మూడు గంటలకు మళ్లీ, మర్నాడు మళ్లీ.

కేబుల్‌ను కోయలేదు. మిగిలిన పొడవును పెద్ద వంపులుగా వదులుగా కట్టాం. చార్జింగ్ కేబుల్‌కు అర మీటరు ఎడం ఉండేలా బోటు అవతలి పక్క నుంచి తీసుకెళ్లాం.

రాత్రి వినిపించని రేడియో

పరీక్ష తేలికైనదే. లైట్లన్నీ ఆపి, ఎవరూ మాట్లాడని ఛానల్ పెట్టి, పలచని సంకేతాలను స్పీకర్‌కు రానివ్వని స్క్వెల్చ్ మీటను రొద సరిగ్గా ఆగే చోటికి తిప్పాలి. తర్వాత లైట్లు ఒక్కొక్కటే వేయాలి. ఏ లైటు వేయగానే రొద మొదలైతే ఆ లైటే రేడియోను పాడుచేస్తోంది. ఎల్ఈడీ దీపాలు వీహెచ్‌ఎఫ్‌నూ ఏఐఎస్‌నూ ఇలా చెవిటివి చేస్తాయని అమెరికా కోస్ట్ గార్డ్ 2018లో భద్రతా హెచ్చరిక కూడా ఇచ్చింది.

మొదటి లైటు వేశాం, నిశ్శబ్దం. రెండోది వేయగానే స్పీకర్‌లోంచి నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు ఒకటే రొద. మూడోది ఏమీ చేయలేదు. నాలుగోది రెండో దానికంటే ఘోరం. సిబ్బంది రాత్రిపూట ఆ రొద భరించలేక స్క్వెల్చ్‌ను 3 నుంచి 8కి తిప్పేవారు. రొదతోపాటు దూరం నుంచి వచ్చే ప్రతి పలచని పిలుపూ ఆగిపోయేది, 16వ ఛానల్‌లో వచ్చే ఆపద పిలుపు సహా. ఆ రెండు లైట్లు తీసేసి, రేడియోకు ఇబ్బంది ఇవ్వవని అదే పద్ధతిలో బోటు మీదే పరీక్షించుకుని వేరేవి పెట్టాం.

యాంటెన్నా కనెక్టర్ విప్పితే లోపల పచ్చగా చిలుం పట్టి ఉంది, స్టాండింగ్ వేవ్ రేషియో 2.8 (1కి ఎంత దగ్గరైతే యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగొచ్చే శక్తి అంత తక్కువ). సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ తీసి ఆర్‌జీ-213 వేసి, కొత్త కనెక్టర్ పెట్టి, అతుకు మీద స్వీయంగా అతుక్కునే టేపు చుట్టాక 1.3కు దిగింది. యాంటెన్నాను 2 మీటర్ల నుంచి 5 మీటర్ల ఎత్తుకు లేపాం. రేడియో చూపు దూరం సుమారుగా ఎత్తు వర్గమూలానికి 2.25 రెట్లు నాటికల్ మైళ్లు. 4 మీటర్ల యాంటెన్నా ఉన్న ఇంకో బోటుతో మాట్లాడే దూరం ఈ లెక్కన 7.7 నుంచి 9.5 మైళ్లకు పెరుగుతుంది. ఎత్తు వల్ల వచ్చింది రెండు మైళ్లే. రాత్రి తిరిగి వినిపించడం మాత్రం ఆ రెండు లైట్లు మార్చడం వల్ల వచ్చింది.

మిగిలిన డబ్బు ఎటు

తెర మార్చలేదు కాబట్టి డబ్బు మిగిలింది. రాడార్ కొందామా అన్న చర్చ మళ్లీ వచ్చింది. ముందు 406 మెగాహెర్ట్జ్ ఈపర్బ్ (ఉపగ్రహాలకు ఆపద పిలుపు పంపే బీకన్), ఆ తర్వాత ఏఐఎస్, ఆపైనే రాడార్ అన్న వరుస పెట్టాం. బోటు మునిగితే రేడియో, తెర, బ్యాటరీ అన్నీ దానితోపాటే పోతాయి. నీటి ఒత్తిడికి తనంతట తాను విడిపోయి తేలి, 48 గంటలు పిలిచేది ఆ రకం ఈపర్బ్ ఒక్కటే. 121.5 మెగాహెర్ట్జ్ మీద మాత్రమే పనిచేసే పాత బీకన్లను ఉపగ్రహాలు 2009 ఫిబ్రవరి 1 నుంచి వినడం లేదు, చవగ్గా దొరికినా కొనకూడదు. కొన్నాక బోటు పేరు మీద నమోదు చేయించాలి. నమోదు లేని పిలుపు ఎవరిదో కనుక్కోవడంలోనే విలువైన సమయం పోతుంది.

ఏఐఎస్‌లో చిన్న బోట్లకు వాడే క్లాస్ బి, 5 వాట్ల రకం తీసుకున్నాం, 2 వాట్ల రకం కంటే సంకేతం బలంగా అందుతుంది. దీని పరిమితి సరంగుకు లెక్కతో చూపించాం. బోటు 2 నాట్ల లోపు ఉంటే క్లాస్ బి మూడు నిమిషాలకొకసారే తన చోటు చెబుతుంది. వల వేసి తేలుతున్న బోటు పరిస్థితి అదే. 18 నాట్లతో వచ్చే ఓడ ఆ మూడు నిమిషాల్లో 0.9 నాటికల్ మైళ్లు దాటుతుంది. కాబట్టి ఏఐఎస్ ఉందని కాపలా మనిషి నిద్రపోవడానికి లేదు. యాంటెన్నా విషయంలో స్ప్లిట్టర్ వద్దని వేరేది పెట్టాం. ఒక్క యాంటెన్నా విరిగితే రేడియో, ఏఐఎస్ రెండూ ఒకేసారి పోకూడదు.

బిగించిన మర్నాడే తెర మీద ఏఐఎస్ గుర్తులు వచ్చి పోతూ ఉన్నాయి. పరికరాలను ఒకదానితో ఒకటి కలిపే ఎన్‌ఎంఈఏ 2000 డేటా కేబుల్‌కు కరెంటు ఆపి రెండు డేటా వైర్ల మధ్య కొలిస్తే 120 ఓమ్‌లు. రావాల్సింది 60. వరుసకు రెండు చివర్లా 120 ఓమ్‌ల టెర్మినేటర్లు ఉండాలి, ఒక చివర పెట్టడం మరిచిపోయాం. పెట్టగానే కుదుటపడింది. మల్టీమీటర్‌తో నిమిషంలో అయ్యే ఈ కొలత బిగించిన రోజే చేయాలి.

సెట్టింగులు, ఫలితం

నాయిస్ రిజెక్ట్ పూర్తిగా ఆపేశాం. గెయిన్‌ను, అంటే ప్రతిధ్వనిని పెంచి చూపే మోతాదును, చేత్తో పెంచుతూ తెరంతా సన్నటి చుక్కలు మొదలయ్యే దాకా పోయి, అక్కడి నుంచి అవి పోయేంత వెనక్కి తేవాలి. లోతు మారితే మళ్లీ. గాలం వేసేటప్పుడు సగం తెరలో నేల నుంచి 10 మీటర్లు మాత్రమే కనిపించేలా బాటమ్ లాక్, పక్కన అప్పుడే వచ్చిన ప్రతిధ్వనిని మాత్రమే చూపే ఏ-స్కోప్ పట్టీ. బోటు నిలిచి ఉన్నప్పుడు తెర మీద పొడవాటి గీత కనిపిస్తే అది పెద్ద చేప కానక్కరలేదు, చిన్న చేప శంకువులో ఎక్కువసేపు నిలబడినా అలాగే పడుతుంది. చేప సైజు తెలిసేది గీత మందంతో, రంగుతోనే.

ఇప్పుడు నేల 13 నాట్ల దాకా నిలుస్తోంది. 110 మీటర్లలో నేల గట్టి గీతగా వస్తోంది, గట్టి రాతి మీద రెండో ప్రతిధ్వని కూడా పడుతోంది. స్టార్టు చేసినప్పుడు తెర ఆగడం లేదు. రాత్రి స్క్వెల్చ్ 3 మీదే ఉంటోంది.

నాలుగు నెలల తర్వాత చూస్తే 100 మీటర్ల దగ్గర నేల కాస్త పలచబడింది. బోటు ఒడ్డుకు తీసినప్పుడు ట్రాన్స్‌డ్యూసర్ ముఖం మీద నాచు, చిన్న గవ్వలు. మెత్తటి గుడ్డతో, సబ్బునీళ్లతో తుడిచి, నాచు, గవ్వలు పట్టకుండా వేసే నీటి ఆధారిత యాంటీఫౌలింగ్ రంగు పలచగా ఒక పూత వేశాం. గీకకూడదు. అసిటోన్ లాంటి ద్రావకం తగలనివ్వకూడదు, ముఖం పాడైపోతుంది.

మిగిలిపోయినవి రెండు. ఎదురు అలల్లో 14 నాట్ల దగ్గర నేల ఇంకా తెగుతుంది, ముందు భాగం లేచి పడుతూ గాలిని అడుగుకు తోస్తుంది కాబట్టి. ట్రాన్స్‌డ్యూసర్‌ను ఇంకా వెనక్కి జరిపితే మెరుగవుతుందేమో గానీ మళ్లీ ప్రొపెల్లర్ దగ్గరవుతుంది, అందుకని అలాగే వదిలేశాం. రెండోది, ఒకే రాతి నేల మీద రెండు మూడు బోట్లు దగ్గర దగ్గరగా ఆగినప్పుడు తెర మీద ఏటవాలు చుక్కల గీతలు వస్తున్నాయి. అవి పక్క సోనార్‌లవి, మన కరెంటువి కావు. ఇంజిన్ ఆపినా పోవు, కాబట్టి గుర్తుపట్టడం తేలికే. అలాంటప్పుడు చర్ప్ ఊడ్చే పరిధిని కాస్త పైకో కిందికో జరపడం, లేదా పల్స్ వేగాన్ని ఒక మెట్టు మార్చడం సరంగుకు నేర్పించాం.